మూత వేసిన లాప్‌టాప్

రాజరాజేశ్వరికి లాప్‌టాప్ షట్‌డౌన్ చేయాలంటే మహా బద్ధకం. ప్రొద్దుటూరు నుంచి వచ్చి హైటెక్ సిటీలో టీమ్ లీడ్ దాకా ఎదిగిన మనిషి, గ్యాస్ కట్టేశానో లేదోనని దిగిన మెట్లు మళ్ళీ ఎక్కి చూసుకునే మనిషి, సాయంత్రమయ్యేసరికి లాప్‌టాప్ మూత టపీమని వేసి లేచిపోయేది. ఎవరైనా చెప్పబోతే, "మూత వేస్తే పడుకుంటుంది, తీస్తే లేస్తుంది. దానికి జోలపాట పాడాల్నా ఏమి?" అని ఎదురు దబాయింపు. పక్కవాళ్ళు లైటు మర్చిపోతే మాత్రం గోల గోల చేసేది. సెలవు వస్తే ప్రతి బల్ల దగ్గరా స్విచ్చులు ఆపించాలని సూపర్‌వైజర్ రామ్మోహనరావు వెంటపడి మరీ ఒప్పించింది తనే. ఆ పని యాదమ్మకు పడింది.

యాదమ్మ ఆ అంతస్తు ఊడ్చి తుడిచే మనిషి. జనగామ వైపు నుంచి వచ్చి పుప్పాలగూడలో కిరాయికి ఉండేది. మేడం కణతలు నొక్కుకుంటుంటే చాలు, అడక్కుండానే అల్లం టీ తెచ్చిపెట్టేది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న కాలం. బస్సులు డిపోలు దాటడం లేదు. ఓ రోజు మధ్యాహ్నం, రేపటి నుంచి బంద్, అందరూ తొందరగా ఇళ్ళకు వెళ్ళండన్నారు. క్లయింటుకు పంపాల్సిన రిపోర్టు రాజరాజేశ్వరి తెర మీదే ఉంది. సేవ్ చేయాలన్న ధ్యాసే లేదు. దారిలో ఏ గొడవ జరుగుతుందోనన్న భయంతో లాప్‌టాప్ ఛార్జింగులోనే బల్ల మీద ఉంచి, మూత వేసి పరుగో పరుగు.

బంద్ ముగిశాక వచ్చి చూస్తే తెర నల్లగా ఉంది. గోడకున్న స్విచ్చు ఆపేసి ఉంది. స్విచ్చు వేసి మళ్ళీ తెరిస్తే రిపోర్టు గల్లంతు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం యాదమ్మా! మీవాళ్ళు రోడ్ల మీద చేసేది చాలదా? ఆఫీసులో గూడా మా పని చెడగొట్టాల్నా?"

అంతస్తంతా విన్నది. యాదమ్మ చేతిలో తడిగుడ్డ అట్లాగే ఉండిపోయింది. "ఆపుమన్నరు, ఆపిన మేడం," అన్నదంతే. రామ్మోహనరావు ముందూ వెనకా చూడకుండా ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు.

మధ్యాహ్నం సిస్టమ్స్ చూసే వంశీ వచ్చి లాప్‌టాప్ అటూ ఇటూ నొక్కి చూశాడు. "మేడం, మీరసలు షట్‌డౌనే చేయలేదు. మూత వేశారంతే. బ్యాటరీ ఉన్నంతసేపు లాగి ఆగిపోయింది. సేవ్ చేసి ఆపి ఉంటే గోడలో కరెంటు లేకపోయినా ఏమీ అయ్యేది కాదు."

రాజరాజేశ్వరికి చెవులు వేడెక్కాయి. అప్పుడైనా లేచి తప్పు నాదే అనవచ్చు గదా? ఊహూఁ. "మెల్లగా చెప్పు వంశీ, ఎవరన్నా వింటారు," అంది. ఛీ, ఒక మనిషి ఉద్యోగం పోతుంటే అనాల్సిన మాటేనా అది!

ఆ పూట ఇంటికెళ్ళినా అదే ఆలోచన. స్విచ్చులు ఆపమన్నదెవరు? తనే. మరి యాదమ్మ చేసిన నేరమేమిటి? చెప్పిన పని చేయడమా? అన్నిటికంటే ఆ "మీవాళ్ళు" అన్న మాట తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళు ఆ మాట తన నోట్లో ఎక్కడ దాక్కుందో!

పొద్దున్నే రామ్మోహనరావును పట్టుకుని అందరూ వినేలా చెప్పింది. "తప్పు నాదండీ. షట్‌డౌన్ చేయకుండా పోయింది నేను. యాదమ్మను పిలిపించండి." ఒకరిద్దరు తలలు తిప్పుకున్నారు.

యాదమ్మ వచ్చింది. రాజరాజేశ్వరి ఎదురెళ్ళి, "తప్పయిపోయింది యాదమ్మా, మనసులో పెట్టుకోవద్దు," అంది.

"పోనియ్యుండ్రి మేడం," అని యాదమ్మ బల్లలు తుడుచుకుంటూ వచ్చింది. రాజరాజేశ్వరి బల్ల దగ్గరికి వచ్చేసరికి తుడవకుండా దాటిపోయింది.

"ఇది మర్చిపోయినావు యాదమ్మా."

"మరువలేదు మేడం. గీ బల్ల మీరే తుడుసుకోండ్రి. రేపు మల్ల ఏమన్న అయితె, నన్నంటె పడ్త. మావోళ్ళందర్ని అంటె పడలేను."