యువరాజుగారు విసిరిన నా పాలపన్ను

నాకు పాలపళ్ళు ఊడే వయసులో... ఊడిన ప్రతి పన్నూ తాతయ్య చేతికే ఇచ్చేదాన్ని. విజయనగరంలో మా పెరట్లో నిలబడి, దాన్ని ఆవుపేడలో ఉండచుట్టి, పెంకుల మీదికి ఒక్క విసురు విసిరేవారు! కాకి కంట పడకూడదు, కింద పడకూడదు. తాత విసిరితేనే కొత్త పన్ను వస్తుందని మా ఇంట్లో అనేవారు. నేనైతే మరో మాట లేకుండా నమ్మేశాను.

అలాంటిది... మూడో పన్ను కదలక ముందే మమ్మల్ని విమానం ఎక్కించేశారు!

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. వాటిని సరిచేసే ఉద్యోగం మీద నాన్న అడిలైడ్ వచ్చారు. మాసన్ లేక్స్‌లో ఇల్లు తీసుకున్నాం. అప్పుడప్పుడే కడుతున్న పేట... సగం ఇళ్ళు, సగం మట్టిగుట్టలు. నాకు ఏడేళ్ళు.

పన్ను ఊగడం మొదలైంది. నాకు బెంగ పట్టుకుంది.

"ఇప్పుడెవరు విసురుతారమ్మా?"

"మీ నాన్న విసుర్తార్లేవే!"

"నాన్న తాత కాదుగా!"

"అయితే పోస్టులో పంపించు మీ తాతకి," అని అమ్మ నవ్వింది. నిజం చెప్పొద్దూ... నేను కవరు కూడా వెతుక్కున్నాను!

సరిగ్గా అప్పుడే బడిలో పెద్ద వార్త. ఎక్కడో సముద్రం మధ్య దీవుల రాజ్యం ఉందట... ఆ రాజ్యపు యువరాజు మా కొత్త కంప్యూటర్ గది తెరవడానికి వస్తున్నారట! పువ్వులు ఇచ్చే పిల్లగా నన్ను ఎంచుకున్నారు. అబ్బో, నా కాళ్ళు భూమ్మీద నిలిస్తే ఒట్టు! నవ్వాలి, మోకాలు కొంచెం వంచాలి, "వెల్‌కమ్, యువర్ హైనెస్" అనాలి. వారమంతా అద్దం ముందు అదే పని.

ఆ రోజు పొద్దున పన్ను దారప్పోగు మీద వేలాడుతోంది. "నాలుకతో ఆడించకే! ఈ పూటకి నోరు మూసుకో తల్లీ!" అని అమ్మ బతిమాలింది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకనబెట్టుకున్నట్టు, పట్టులంగా కట్టుకుని ఆ పన్నుతోనే బయల్దేరాను.

కారు ఆగింది. గుర్రమూ కత్తీ ఉన్న కుర్రాడు దిగుతాడనుకుంటే... తెల్లజుట్టు, చిరుబొజ్జ, అరవై దాటిన పెద్దమనిషి దిగారు! వాళ్ళ నాన్నగారు ఇంకా సింహాసనం మీదే ఉన్నారట, అందుకని ఈయన ఇంకా యువరాజే. వరసగా అందరితో చెయ్యి కలుపుతూ నా దగ్గరికి వచ్చారు. నేను గుత్తి చాపి, నోరు తెరిచి, "వెల్..." అన్నాను.

అంతే! పన్ను ఎగిరి గడ్డిలో పడింది.

పువ్వులు ఆయన కాళ్ళ దగ్గర పారేసి మోకాళ్ళ మీద కూలబడ్డాను. మా టీచరు మొహంలో రక్తం లేదు. నేను ఏడుస్తూ గడ్డి దువ్వుతుంటే, పక్కన ఇంకో పెద్ద చెయ్యి... ఆయన కూడా "అబ్బా, నా మోకాళ్ళు" అనుకుంటూ కూర్చుని వెతుకుతున్నారు! ఆయనకే దొరికింది. అరచేతిలో పెట్టి, "ఇంకెందుకమ్మా ఏడుపు?" అని అడిగారు.

అమ్మ పరుగున వచ్చి, "సారీ సర్... ఇన్ అవర్ హౌస్, గ్రాండ్‌ఫాదర్ ఓన్లీ త్రోస్ ఇట్ ఆన్ ద రూఫ్. హీ ఈజ్ ఇన్ ఇండియా," అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మా దీవుల్లోనూ కప్పు మీదికే విసురుతాం! మా ఆరుగురు మనవల పళ్ళూ నేనే విసిరాను." నావైపు వంగి, నవ్వకుండా అడిగారు. "నేను పనికొస్తానా?"

ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాను. చెవుల్లో కూడా తెల్లవెంట్రుకలు. తాతే, సందేహం లేదు! "ఎస్," అని, "కౌ డంగ్?" అన్నాను. అమ్మ నా నోరు నొక్కేసింది.

పేడ లేదు కాబట్టి మట్టితో సరిపెట్టాం. ఆయన కోటు విప్పి సెక్రటరీ చేతిలో పెట్టి, తడిమట్టిలో పన్నుని స్వయంగా ఉండచుట్టారు. సెక్రటరీ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. మొదటి విసురు... బడి కప్పు రేకుల అంచుకి తగిలి కింద పడింది! అయ్యో అన్నారందరూ. కంచె మీద ఒక కాకి! కాకి దిగేలోపు ఆయన గబగబా ఉండ ఏరుకుని, రెండడుగులు వెనక్కి వేసి విసిరారు. డమడమా దొర్లి... పైనే నిలిచింది!

చప్పట్లే చప్పట్లు! ఆయన ఆ మట్టిచేత్తోనే కంప్యూటర్ గది రిబ్బన్ కత్తిరించారు.

ఇంటికి రాగానే తాతయ్యకి ఫోన్.

"ఎవలు విసిరారే?"

"యువరాజు, తాతయ్యా!"

"అది సరేనే... ఆయనకి మనవలున్నారా?"

"ఆరుగురు!"

"ఐతే పర్లేదమ్మా. వస్తాది."

హమ్మయ్య! అప్పుడు గానీ నాకు అన్నం సహించలేదు. రెండు నెలలకి కొత్త పన్ను తొంగిచూసింది.

ఆయన రాజు కాలేదు. వాళ్ళ నాన్నగారి కంటే ముందే పోయారట. ఆ వార్త చదివి అమ్మా నేనూ ఇద్దరం ఏడ్చాం.

మొన్న మా అబ్బాయికి మొదటి పన్ను ఊడింది. ఇప్పుడు మేముండేది సిడ్నీలో, పన్నెండో అంతస్తులో. తాత కోసం వెతుక్కోనక్కర్లేదు, మా నాన్న మాతోనే ఉన్నారు. ఉత్సాహంగా పన్ను తీసుకుని బాల్కనీలోకి నడిచారు...

మీ పళ్ళు ఎవరు విసిరారు? ఏ కప్పు మీదికి? తప్పకుండా చెప్పండి, మా వాడికి చదివి వినిపిస్తాను. ఎందుకంటే ఆ రోజు నాన్న చెయ్యెత్తి పైకి చూస్తే... అక్కడ కప్పు లేదు, ఇంకెవరిదో బాల్కనీ ఉంది.