రేకులు గడ్డి తింటున్నాయి

నెల జీతం చేతికందగానే లోకమంతా మన మాట వింటుందనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసు. అరకు లోయకి పైన, బస్సు దిగాక కొండెక్కి నడిస్తే గాని కనబడని ఊరు మాది. ఆ ఊరి నుంచి తమిళనాడులోని ఒక బనియన్ల మిల్లుకి కుట్టుపనికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. (నాకంటే ముందు మా మేనమామ చెన్నైకి ఇటుక పనికి వెళ్ళాడు గాని, రోజూ సాంబారే పెడుతున్నారని అలిగి వారం తిరక్కుండా వచ్చేశాడు. దాన్ని మా ఊళ్ళో ఎవరూ వెళ్ళడం కింద జమకట్టరు.) నెలనెలా ఇంటికి డబ్బు పంపేదాన్ని. డబ్బుతోపాటు ఫోన్లో ఒక ఆజ్ఞ కూడా పంపేదాన్ని. దుప్పట్లు కొనండి. అమ్మ కళ్ళు డాక్టరుకి చూపించండి. అయ్య చెప్పులేసుకుని తిరగాలి. మిల్లులో సూపర్‌వైజరు నన్నెలా కేకలేసేవాడో, ఫోన్లో నేను మా అయ్యని అలాగే కేకలేసేదాన్ని. ఆయన పాపం "అలాగేనమ్మీ" అనేవాడు.

అన్నిటికంటే పెద్ద ఆజ్ఞ రేకులది. మాది గడ్డి కప్పిన ఇల్లు. వానాకాలంలో పొయ్యి మీద ఒక చుక్క, అమ్మ మీద ఒక చుక్క, చోళ్ళ గంప మీద ఒక చుక్క పడుతూ ఉండేది. ఇంటికి రేకులు వేయించాలని పట్టుబట్టి, పండక్కి బట్టలు కూడా కొనుక్కోకుండా కూడబెట్టి, మిల్లువాళ్ళిచ్చిన బోనసు కూడా కలిపి ఒక్కసారిగా పంపేశాను. పంపిన రోజున హాస్టల్లో అందరికీ జిలేబీ పంచాను. మా ఇంటి రేకుల మీద వాన పడితే ఎంత గొప్పగా చప్పుడవుతుందో, నా పక్క మంచం మీద పడుకునే సాలూరు పిల్లకి వర్ణించి వర్ణించి చెప్పాను. ఇంకా వెయ్యని రేకుల మీద అప్పటికే నాలుగు వానలు కురిపించేశాను.

కొన్నాళ్ళాగి ఫోన్ చేశాను. మా ఊళ్ళో సిగ్నల్ అందాలంటే ఊరి చివర గట్టెక్కాలి. గాలి హోరులోంచి అయ్య గొంతు వినబడింది.

"రేకులొచ్చాయా అయ్యా?"

"వచ్చీసినాయమ్మీ."

"బాగున్నాయా?"

"సానా బాగున్నాయి. గోధుమ రంగు."

గోధుమ రంగు రేకులు నేనెప్పుడూ చూడలేదు. కొత్త రకం కాబోలనుకున్నాను. "గాలికి ఎగిరిపోకుండా గట్టిగా కట్టావా?"

"కట్టేను. ఇంటెనకాల పనస సెట్టుకి కట్టేను."

"చెట్టుకెందుకు కట్టావు?"

"గడ్డి ఆడే ఉంది గదేటి. సానా గడ్డి తింతన్నాయమ్మీ."

అంతే, లైను తెగిపోయింది. రేకులు గడ్డి తినడమేమిటో నాకెంత ఆలోచించినా అర్థం కాలేదు. సాలూరు పిల్ల తెలివైనది. చాలాసేపు ఆలోచించి, "పాత గడ్డి తియ్యకుండా దాని మీదే రేకులేసినట్టున్నారే. ఆ బరువుకి గడ్డి అణిగిపోతంది. అదీ సంగతి" అని తేల్చింది. ఇంజనీరు చెప్పినట్టు చెప్పేసరికి నాకూ నిజమే అనిపించి, ఆ వారమంతా నిశ్చింతగా బనియన్లు కుట్టుకున్నాను.

మరుసటి ఆదివారం గట్టు మీద అమ్మ ఫోనెత్తింది. అమ్మకి దాపరికం చేతకాదు. "ఏటి రేకులు? మీ అయ్య గుర్రాన్ని కొని తోలుకొచ్చినాడు. రేకుల డబ్బులు గదా అని ఊరోళ్ళందరూ దానికి రేకులని పేరెట్టీసినారు" అంది. (రేకులు వచ్చింది అనాలా, రేకులు వచ్చాయి అనాలా అన్న తగువు మా ఊళ్ళో ఈనాటికీ తేలలేదు.) నా మొహం చూసి సాలూరు పిల్ల భయపడి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. ఆ మర్నాటి నుంచి మిల్లులో నా వరసలో ఉన్నవాళ్ళంతా, తమిళం వాళ్ళు, ఒరియా వాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు, "మీ గుర్రం బాగుందా?" అని కుశలమడగడం మొదలుపెట్టారు. ఇక భరించలేక సెలవు పెట్టి రైలెక్కేశాను. బొర్రా దగ్గర సొరంగాలొచ్చినప్పుడల్లా చీకట్లో అయ్యని ఎలా దులిపెయ్యాలో మాటలు కూర్చుకున్నాను. వెలుగు రాగానే అవి చాలవనిపించి మరికొన్ని చేర్చాను.

ఇంటికెళ్ళేసరికి సన్నగా వాన. పొయ్యి మీద చుక్క యథాప్రకారం పడుతోంది. పనసచెట్టు కింద రేకులు నిలబడి ఉంది. పొట్టి గుర్రం, బలమైన కాళ్ళు, నుదుటి మీద పడే జుట్టు. నన్ను ఎగాదిగా చూసి వెనక్కి తిరిగింది. నా బోనసంతా అలా నాకు తోక చూపించి నిలబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

"ఇదేం పనయ్యా?" అన్నాను. సొరంగాల్లో కూర్చుకున్న మాటల్లో అదొక్కటే గుర్తొచ్చింది.

అయ్య తల గోక్కున్నాడు. "రేకులు కొందారనే సంతకెల్లేనమ్మీ. దారిలో ఇది నాకేసి సూసింది."

"చూస్తే కొనేస్తావా?"

"మరి నా బుజం సూడు." చొక్కా పక్కకి లాగి చూపించాడు. ఏళ్ళ తరబడి కావిడి మోసి మోసి ఆయన భుజం మీద ఉసిరికాయంత కాయ కాసింది. అది నాకు తెలుసు. చుట్టూ చర్మం నల్లగా కమిలి, చెయ్యి పైకి లేవడం లేదన్నది తెలీదు. "ఇక మొయ్యదమ్మీ ఇది. రేకులేస్తే వాన ఆగుద్ది. మూటలెవులు దింపుతారు?"

చొక్కా మెల్లిగా మళ్ళీ ఆయన భుజం మీదకి లాగాను గాని, పైకి ఒప్పుకోవడానికి పౌరుషం అడ్డొచ్చింది. "అదంతా నాకు తెలీదు. సంతకి తోలుకెళ్ళి అమ్మేద్దాం" అన్నాను. అమ్మ కూడా "అమ్మీండి, దీనికి మేపలేక సత్తన్నాను" అంది. (అలా అంటూనే కొంగు చాటున చోళ్ళ అంబలి గిన్నె పట్టుకుని పనసచెట్టు వైపు వెళ్ళింది.)

సంత రోజు తెల్లవారగానే బయలుదేరాం. ఎలాగూ కిందికి వెళ్తోంది కదా, ఒట్టినే ఎందుకు పోవాలని అయ్య మా కాఫీ గింజల మూట, మిరియాల మూట దాని వీపుకి కట్టాడు. అది చూసి పక్కింటి పిన్ని తన మిరియాలు కూడా వెయ్యమంది. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ రేకులు తనంతట తానే ఆగింది. మేం ఊరు దాటేసరికి మూటల మధ్య దాని చెవులు మాత్రమే కనబడుతున్నాయి.

ఇక్కడ తూనిక బాబు గురించి చెప్పాలి. ఏటా కాఫీ గింజలు ఎండే వేళకి త్రాసు సంచిలో వేసుకుని మా కొండెక్కే వర్తకుడాయన. ఆయన చెప్పిందే ధర. కాదంటే మూటలు భుజాన వేసుకుని లోయలోకి దిగాలి. అందుకని ఎవరూ కాదనేవారు కాదు. ఆయన ఎదుట పడితే మా అయ్య తన కాలివేళ్ళకేసి చూస్తూ నిలబడేవాడు. సరిగ్గా ఆయనే, వాగు దగ్గర సన్నదారిలో మాకెదురొచ్చాడు.

"ఏటోయ్, మూటలెక్కడికి? నానొస్తన్నాను గదా, ఇక్కడే దింపు" అన్నాడు.

అయ్య కాలివేళ్ళకేసి చూశాడు. తర్వాత గుర్రం కాళ్ళకేసి చూశాడు. మెల్లిగా తలెత్తాడు. "దింపితే మల్లీ ఎత్తాల గదా బాబూ. రేకులుకి కోపమొస్తాది."

తూనిక బాబు నవ్వి, పోయినేటి కంటే కాస్త ఎక్కువ ధర చెప్పాడు. అయ్య పలకలేదు. (ఆయనకేం చెప్పాలో తోచక ఊరుకున్నాడని నాకు తెలుసు. తూనిక బాబుకి మాత్రం అది బేరంలా కనబడింది.) ఇంకాస్త పెంచాడు. అయ్య నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మళ్ళీ పెంచాడు. అప్పుడు మా అయ్య, జన్మలో ఎవరితోనూ బేరమాడని మా అయ్య, ఎంతో మర్యాదగా అడిగాడు: "మీరే ఇంత ఇస్తానన్నారంటే, సంతలో ఇంకా ఎక్కువుంటాది గావాల బాబూ?"

ఆయన నోరు తెరిచేలోగా రేకులుకి నిలబడి నిలబడి విసుగొచ్చి కదిలింది. సన్నదారి, వెడల్పు మూటలు. తూనిక బాబు ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు పక్కకి వేసి, త్రాసు సంచి నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు వాగులోకి దిగి మాకు దారిచ్చాడు. మేం ఆయనకి దారివ్వడమే గాని, ఆయన మాకు దారివ్వడం అదే మొదలు. మలుపు తిరిగేదాకా ఇద్దరం బిగబట్టుకుని నడిచాం. తిరిగాక అయ్య ఒక బండ మీద కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేనంతవరకూ చూడలేదు.

సంతలో మిగతా పని నాది. మిల్లు మిషన్ల హోరులో మాట్లాడి మాట్లాడి నా గొంతు పెద్దదైపోయింది. ఈ మూల నుంచి ఆ మూలకి వినబడేలా ధర అడిగాను. నలుగురు కొనేవాళ్ళు పోగయ్యారు. వాళ్ళలో వాళ్ళకే పోటీ పెట్టాను. మధ్యమధ్య రెండు తమిళ ముక్కలు కూడా విసిరాను. (వాటి అర్థం "దారం అయిపోయింది, కొత్త ఉండ తీసుకురా" అని. అది మా అయ్యకి ఈనాటికీ చెప్పలేదు.) వాగు దగ్గర విన్న ఆఖరి ధర కంటే మంచి ధరకే అన్నీ అమ్ముడుపోయాయి. పిన్ని మిరియాలతో సహా.

మూటలన్నీ దిగాక ఒక పెద్దాయన వచ్చి గుర్రం చుట్టూ తిరిగి, పళ్ళు చూసి, "ఎంతకిస్తారు?" అనడిగాడు.

"ఇది అమ్మకానికి కాదు" అన్నాను.

అయ్య బజ్జీ నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. "అమ్మీడానికే గదేటి తోలుకొచ్చినాం?"

"పైవారం మూటలెవరు మోస్తారు, నువ్వా?" అని కసిరాను. ఆయన బుద్ధిగా "అలాగేనమ్మీ" అని బజ్జీ నమిలాడు. ఆ డబ్బులో కొంత పెట్టి ఇంటి కప్పు మీదకి ఒక పెద్ద ప్లాస్టిక్ బరకం కొన్నాం. ఆ ఏడాదికి అమ్మ మీద చుక్క పడలేదు. రేకులు మరుసటేడు వేశాం. నా జీతంలోంచి పైసా పంపక్కర్లేకపోయింది. నా తర్వాత బయట పనికెళ్ళిన పిల్లలున్న ఇంకో రెండిళ్ళవాళ్ళు కూడా గుర్రాలు కొన్నారు. తూనిక బాబు కొండెక్కడం మానేసి సంతలోనే కూర్చుని, అందరూ ఇచ్చే ధరే ఇవ్వడం నేర్చుకున్నాడు.

సెలవైపోయి మిల్లుకి తిరిగి వెళ్ళే రోజున అయ్య నన్ను గుర్రమెక్కించాడు. నాకు భయం, పైకి మాత్రం బింకం. మెడలో మిల్లు గుర్తింపు కార్డు అందరికీ కనబడేలా వేసుకున్నాను. రేకులు అలవాటు చొప్పున ప్రతి గుమ్మం ముందూ ఆగింది. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు వచ్చి, పసుపు కొమ్ములో, అల్లమో, గుమ్మడికాయో నా ఒళ్ళో పెట్టి, "బేగి రాయే గుంటా" అన్నారు. పిన్ని అయితే మిరియాలు పొట్లం కట్టి ఇచ్చి నా పాదం నిమిరింది. పగ్గాలు అయ్య చేతిలో ఉన్నాయి. ఆయన ముందు నడిచాడు, తల బాగా పైకెత్తి.

ఇప్పుడు మా ఊరికి రోడ్డొచ్చింది. అరకులో నాకో చిన్న కుట్టు దుకాణముంది. ఆదివారాలు స్కూటీ మీద రయ్యిమని ఇంటికి వెళ్ళొస్తాను. ఏ గుమ్మం ముందూ ఆగే తీరిక ఉండదు. ఒక్కోసారి ఆ దారిలో, ఆనాడు గుర్రమెక్కి వెళ్ళిన పిల్ల నా కళ్ళముందు కదులుతుంది. ఒళ్ళో గుమ్మడికాయ, కాళ్ళు గుర్రానికి గట్టిగా అదిమిపట్టి, కిందికి చూస్తే పడిపోతానేమోనని ఎదర కొండల్నే చూస్తున్న ఆ పిల్ల. ఊరంతా అది గర్వమనుకుంది. కొంత గర్వమే లెండి.