తాళం వేసిన ఇంట్లో ఇద్దరు

అమీర్‌పేటలో ఆ సందు పొడుగునా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. వాటి వెనక హాస్టళ్లు, హాస్టళ్ల మధ్య ఇరుక్కుని ఒక పాత మూడంతస్తుల ఇల్లు. వయసు మళ్లినవాళ్ల మతిమరుపు జబ్బు మీద ఇంటింటి సర్వే చేస్తున్న హైందవి ఆ ఇంటి పై అంతస్తుకు చేరేసరికి తలుపుకు తాళం ఉంది. చేతిలోని ట్యాబ్‌లో ‘ఇల్లు తాళం’ అని నొక్కబోతుంటే లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది.

“ఉన్నం. లోపలనే ఉన్నం. ఎవరు గావాలె?”

“తాళం వేసుంది కదండీ?”

“అది మాకే ఏసింది. కిందికి పోయి బాల్కనీ కింద నిలబడమ్మా, చెవి వదుల్త.”

హైందవి మళ్లీ మెట్లు దిగింది. బాల్కనీ గ్రిల్లు సందులోంచి దారానికి కట్టిన తాళంచెవి మెల్లగా దిగివచ్చింది. పక్క హాస్టల్ మెట్ల మీద ఉప్మా తింటున్న అమ్మాయిలు తలెత్తి కూడా చూడలేదు. ఆ వీధికి అది కొత్త కాదు.

ఆ గొంతు రజనిది. తాళం వేసింది ఆమె భర్త ఓంప్రకాష్. రెండు సందుల అవతల, ఒక షాపింగ్ కాంప్లెక్స్ మెట్ల కింది జాగాలో అతనికి టైలరింగ్ షాపు ఉంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, జాకెట్లు కుట్టడం. హాస్టళ్లు ఉన్నంత కాలం పనికి కొదవ లేదు. వాళ్లది సిరిసిల్ల. అతని తండ్రి రాజనర్సయ్య మగ్గం నేశాడు. తల్లి కాంతవ్వ ఆ మగ్గం పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టింది. భర్త పోయాక ఆమె కొడుకు దగ్గరికి వచ్చింది. మొదట పేర్లు మరిచింది, తర్వాత పొయ్యి మీది గిన్నెను మరిచింది, ఆ తర్వాత దారి మరిచింది.

ఒక పొద్దున ఆమె కనిపించకుండా పోయింది. పోలీస్ స్టేషన్ దాకా వెళ్లి వెతికి వచ్చాక, కింది వీధిలోని ఒక కోచింగ్ సెంటర్లోనే దొరికింది. అక్కడ ఉచిత డెమో క్లాసు నడుస్తోంది. వెనక బెంచీలో కొంగు సర్దుకుని కూర్చుని శ్రద్ధగా వింటోంది. ఎవరో విద్యార్థి నాయనమ్మ అనుకుని వాళ్లు టీ కూడా ఇచ్చారు. సందంతా నవ్వింది. రెండోసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద, ఆగిన బస్సుల మధ్య నిలబడి ఉంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని పక్కకు తెచ్చాడు.

లోపలి గొళ్లెం ఎంత పైన బిగించినా కాంతవ్వ పీట వేసుకుని తీసేది. అందుకని బయట తాళం పడింది. ఆమెను ఒంటరిగా ఉంచలేరు కాబట్టి రజని కూడా లోపలే ఉండిపోయింది. జాకెట్లకు హుక్కులు, చీరలకు ఫాల్స్ కుట్టడం ఆమె పని. చేతిపని కనుక ఇంట్లో ఉన్నా సాగుతుంది. మధ్యాహ్నం ఓంప్రకాష్ వచ్చి తాళం తీస్తాడు, తింటాడు, కుట్టినవి మూట కట్టుకుని మళ్లీ వేసి వెళ్తాడు. అలా రెండో ఏడు నడుస్తోంది. బంధువుల పెళ్లిళ్లకు ఓంప్రకాష్ ఒక్కడే వెళ్తాడు. రజని ఏది అని ఎవరైనా అడిగితే, అవ్వ దగ్గరుంది అంటాడు. అందరూ మంచి కోడలు అంటారు.

తాళం తీసి లోపలికి వచ్చిన హైందవి ఈ సంగతులన్నీ విన్నాక తన పని చెప్పింది. పంజాగుట్టలో ఒక పరిశోధన సంస్థ ఈ సర్వే చేయిస్తోంది. ఎంతమందికి ఈ జబ్బు ఉంది, వాళ్లను చూసుకునేవాళ్ల మనసు ఎలా ఉంది అన్నవి రెండూ లెక్క తీస్తున్నారు. జబ్బు ఉందని తేలినవాళ్లకు సంస్థ నడిపే పగటి కేంద్రంలో చోటిస్తారు. వారానికి రెండు రోజులు, పూటకు రెండు గంటలు.

రజని సూది ఆపింది. “అంటే రెండు గంటలు మా అత్తమ్మ ఆడుంటదా? మరి నేను?”

“మీ ఇష్టం ఆంటీ. మీరు ఎక్కడికైనా వెళ్లొచ్చు.”

ఆ మాట రజని మరోసారి చెప్పించుకుంది.

పరీక్ష మొదలైంది. కాంతవ్వ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా హైందవి, పక్కన జాకెట్టు ఒళ్లో పెట్టుకుని రజని.

“అమ్మమ్మగారూ, ఇప్పుడు ఏ నెల నడుస్తోందండీ?”

కాంతవ్వ కోడలి వైపు చూసింది. రజని తల ఎత్తకుండానే, “మొన్ననే గద బల్కంపేట ఎల్లమ్మకు బోనం జేసినం” అంది, తనలో తాను అనుకున్నట్టు.

“ఆషాడం” అంది కాంతవ్వ.

“ఆంటీ, మీరు చెప్పకూడదండీ.”

“నేనేం జెప్పిన?”

ఆమె అబద్ధమాడలేదు. మగ్గం మీద పోగు తెగితే పక్కనున్న ఆడమనిషి ఎవరూ చెప్పకుండానే అతికేస్తుంది. తెగిన జాడ బట్టలో కనిపించకూడదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక రజని నేర్చిన మర్యాద కూడా అలాంటిదే. పరాయివాళ్ల ముందు అత్త మాట తెగితే వెంటనే అందించాలి. అందించి అందించి, అందిస్తున్నానన్న సంగతి కూడా ఆమెకు తెలియకుండా పోయింది. పెదవి కొద్దిగా కదిపితే చాలు, కాంతవ్వ పట్టుకునేది.

“మీ ఆయన పేరేంటండీ?” అని అడిగింది హైందవి.

కాంతవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మగని పేరు చెప్తరా పిల్లా? నీకు సుత పెండ్లయితే తెలుస్తది.”

హైందవికి నవ్వాగలేదు. రజని కూడా నవ్వి, “రాజనర్సయ్య. ఆమె ఎన్నడు నోటెంబడి అనదమ్మా” అంది. మార్కు పడింది. ఆ పేరు కాంతవ్వకు అసలు గుర్తుందో లేదో అక్కడున్న ఎవరికీ తెలియదు.

కొన్నాళ్లకు సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. కాంతవ్వకు ఉన్నది వయసుతో వచ్చే మామూలు మరుపే, కేంద్రంలో చోటుకు ఆ మార్కులు సరిపోవు. ఓంప్రకాష్‌కు పెద్ద బరువు దిగినట్టయింది.

“నేను చెప్పలే? మా అవ్వకేం లేదు. నువ్వే ఊకె ఫికర్ జేస్తవ్.”

మర్నాడు రజని పొయ్యి దగ్గర నిలబడి, వెనక్కి తిరగకుండా, “అత్తమ్మా, ఇది ఏ నెల?” అని అడిగింది. జవాబు లేదు. “మనం ఏ ఊర్ల ఉన్నం?” జవాబు లేదు. అప్పుడు తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. కాంతవ్వ కళ్లు కోడలి నోటి మీదే ఉన్నాయి, ఆకలేసిన పిల్ల గిన్నె వైపు చూసినట్టు.

రజని హైందవికి ఫోన్ చేసింది. “అమ్మా, మొన్న నేనే జెప్పిన. నాకు తెల్వకుండనే జెప్పిన. మల్లొకసారి అడుగుండ్రి.”

మళ్లీ అడగాలంటే కేంద్రానికే తీసుకురావాలని, వెంట వచ్చినవాళ్లు గది బయట ఉండాలని హైందవి చెప్పింది. ఆ మాట వినగానే ఓంప్రకాష్ అన్నం ముందు నుంచి లేచాడు.

“నలుగుట్ల మా అవ్వ ఇజ్జత్ తీస్తవా? పిచ్చిదని రాయించుకొస్తవా?”

“ఇజ్జత్ డెమో క్లాసులనే పోయింది. టీ తాగొచ్చింది గద.”

“నవ్వులాటగుందా నీకు?”

“సరే, రేపటి సంది నువ్వు లోపలుండు. నేను షాపుల కూసుంట.”

“జాకెట్ కటింగ్ వస్తదా నీకు?”

“నీకు మీ అవ్వతోని పొద్దు గడుపుడు వస్తదా?”

అతను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. కానీ ఆ మధ్యాహ్నం వెళ్తూ తలుపు దగ్గరగా వేసి, తాళం వేయకుండా వెళ్లాడు. అంతకు మించి ఒప్పుకోలు ఆ ఇంట్లో ఉండదు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషనే. ఆ కాసేపూ కాంతవ్వ కోడలి మణికట్టు వదల్లేదు. కేంద్రంలో ఆ చెయ్యి విడిపించడానికే చాలాసేపు పట్టింది. డాక్టర్ సుమశ్రీ ఆమెను లోపలికి తీసుకుని తలుపు వేసింది. పలుచని చెక్క తలుపు. లోపలి మాటలు బయటి బెంచీకి వినిపిస్తూనే ఉన్నాయి.

“మనం ఏ ఊళ్లో ఉన్నామమ్మా?”

“సిరిసిల్ల.”

“మీ ఆయన పేరు చెప్పొద్దులెండి. ఏం పని చేసేవారు?”

“ఎవరు?”

“మీ ఆయన.”

“ఆ పిల్లను పిలువుండ్రి. ఆ పిల్ల చెప్తది.”

రజని కొంగు అంచు పళ్ల మధ్య బిగపట్టింది. జవాబులన్నీ నోటిదాకా వస్తున్నాయి. ఒక్కసారి దగ్గినా చాలు, లోపల ఆమెకు ధైర్యం వచ్చేది. దగ్గలేదు. మంచి కోడలు చేయకూడని పని అలా ఊరుకోవడమేనని ఆమెకు తెలుసు.

తలుపు తెరిచాక సుమశ్రీ జబ్బు పేరు చెప్పింది. తొలి దశ దాటిపోయిందని చెప్పింది. “ఇంత కాలం బయటికి కనబడకుండా ఎలా నెట్టుకొచ్చారండీ?” అంది. అది మెచ్చుకోలో మందలింపో రజనికి అర్థం కాలేదు.

తర్వాత ప్రశ్నలు రజని వైపు తిరిగాయి. సర్వేలో అదీ భాగమే.

“నిద్ర పడుతోందా?”

“ఆమె పంటే పంట, లేస్తే లేస్త.”

“ఆకలి?”

“ఏమో, తింటున్న.”

“బతకబుద్ధి కావడం లేదని ఎప్పుడైనా అనిపించిందా?”

“బాల్కనీకి గ్రిల్లుంది గద మేడం” అంది రజని, హుక్కుల లెక్క చెప్పినంత మామూలుగా.

సుమశ్రీ రాయడం ఆపింది. ఆ రోజు ఆ ఇంటి నుంచి వైద్యానికి ఒకరు కాదు, ఇద్దరు చేరారు. అత్తకు కేంద్రంలో చోటు, కోడలికి మందులు, మాట్లాడడానికి నెలకోసారి ఒక డాక్టరు. ఓంప్రకాష్ మందుల చీటీ తిప్పి తిప్పి చూసి, “నీకేమైందే?” అన్నాడు. నిజంగానే అతనికి తెలియదు.

కేంద్రం తొలిరోజే కష్టమైంది. రజని కనుమరుగు కాగానే కాంతవ్వ అరవడం మొదలుపెట్టింది. రజని వీధి మలుపు దాకా వెళ్లి, పరుగున వెనక్కి వచ్చింది. సుమశ్రీ గుమ్మంలోనే ఆపింది.

“మీరిలా తిరిగొస్తే, ఏడిస్తే మీరొస్తారని ఆవిడకు అలవాటవుతుందండీ. ఇక్కడి మనుషులు ఆవిడకు అలవాటు కావాలి. దానికి టైం పడుతుంది. మీరు పైకి రాకండి.”

“మరి నేనేం జేయాలె?”

“మీకేం కావాలో అది చేయండి.”

అది ఆమెకు తెలియలేదు. మొదటి వారాల్లో షాపుల అద్దాలు చూసుకుంటూ నడిచింది. ఒకసారి షేర్ ఆటో ఎక్కి లక్డీకాపూల్ దాకా వెళ్లి, నిలబడి చాయ్ తాగి, మళ్లీ షేర్ ఆటోలోనే వచ్చేసింది. తర్వాత ఎక్కడికీ వెళ్లడం మానేసింది. కేంద్రం కింది మెట్ల మీద, చెప్పుల స్టాండు పక్కన కూర్చునేది. పైన కిటికీ తెరిచే ఉంటుంది.

దసరా దగ్గర పడింది. షాపులో పని పెరిగింది. లైనింగ్ గుడ్డ కోసం పంజాగుట్ట వచ్చిన ఓంప్రకాష్ అటుగా పోతూ, మెట్ల మీద కూర్చున్న భార్యను చూసి బండి ఆపాడు.

“గీడేం జేస్తున్నవ్?”

“కూసున్న.”

“ఎప్పుడొచ్చినా గిట్లనే కూసుంటవా?”

“ఆ.”

“మరి ఇంటికి పోరాదు? పండుగ జాకెట్లు మస్తుగున్నయి. ఒక్కదానికన్న హుక్కులు పడలే.”

“పడవు. గీ రెండు గంటలు నేను కుట్టను.”

అతను ఏదో అనబోయాడు. అప్పుడే పై నుంచి గొంతు వినిపించింది. “రజనీ... ఓ రజనీ...” పిలుపు సాగి సాగి ఏడుపయింది. చెప్పుల స్టాండు చూసుకునే మనిషి కూడా పైకి చూశాడు.

ఓంప్రకాష్ ముఖం తెల్లబోయింది. “అవ్వనా?”

“అవ్వనే.”

“కొడుతున్నరా ఏంది?”

“ఎవ్వరు గొట్టరు. ఆమెకు నేను గావాలె. గంతే.”

“పా, తీస్కపోదాం. గిదేం సెంటర్? మనిషి గట్ల ఏడుస్తుంటే...” అంటూ అతను మెట్టెక్కాడు. రజని కూర్చున్న చోటి నుంచే అతని చొక్కా అంచు పట్టుకుంది.

“పోకు. మొదట్ల పూటంత ఏడ్చేది. ఇప్పుడు నడుమ నడుమ ఆపుతది. నువ్వు పోతే మల్ల మొదటికొస్తది.”

“నువ్వెట్ల కూసుంటున్నవే, గిది ఇనుకుంట?”

రజని అతని చొక్కా వదల్లేదు. అతని జేబులో ఫోన్ మోగింది. షాపు ముందు నిలబడ్డ గిరాకీ ఎవరో. తీసి చూశాడు, కట్ చేశాడు. పైన పిలుపు ఆగింది. మళ్లీ మొదలైంది. రజని పక్కకు జరిగింది. అతను ఆమె పక్కన, లైనింగ్ గుడ్డ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఇంకెంత సేపు?” అన్నాడు.

“కూసో” అంది రజని.