ఎదురింటికి బయల్దేరిన సంచి

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి రండి. ఆ రోజుల్లో మా చింతామణిలో ఊరు విడిచి పోవడమంటే మనిషి కన్నా ముందు సంచి పోవాలి. ప్రయాణం మంచి రోజున పడకపోతే, అంతకు ముందే ఒక మంచి రోజు చూసి, సంచిలో నాలుగు బట్టలు సర్ది ఎదురింట్లో పెట్టేవాళ్ళం. దాన్ని ప్రస్థానం అంటారు. సంచి గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. తర్వాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. కొత్త కోడలినైన నాకు ఇది బాగా తెలుసు. ఇంకేమీ తెలియదు.

మా మామది ఎరువుల అంగడి. సరుకు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్ళు ఆయనకూ అత్తకూ సింగపూరు నుంచి ఓడ ప్రయాణం బహుమానంగా ఇచ్చారు. బోరు నీళ్ళకు బిందెలు వరస పెట్టే ఊరిలో పుట్టిన మా అత్త అప్పటిదాకా సముద్రం చూడలేదు. "అంత దూరం పోయి ఒక్క తూరి చూసి వచ్చేదా?" అని పట్టుబట్టి, ఆ ఓడ దిగిన రోజే ఇంకో ఓడ ఎక్కేటట్టు మామ చేత సొంత ఖర్చుతో టికెట్లు తీయించింది. అయితే ఆమెకు ఉబ్బసం. ఓడలో డాక్టరు చెయ్యి పట్టుకుంటే చాలు, ఆస్తి కరిగిపోతుందని ఎవరో చెవిన వేశారు. "రెండు ఓడలకూ ఇన్సూరెన్స్ ఉంటేనే నేను వచ్చేది. లేకుంటే మీరొక్కరే పోండి" అని మామకు తెగేసి చెప్పింది.

చిక్కబళ్ళాపురం నుంచి ఇన్సూరెన్స్ ఆయన ఫోన్ చేసినప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. "ఎప్పుడు బయల్దేరతాండారమ్మా?" అన్నాడు. "గురువారం పొద్దున్నేనప్పా" అన్నాను (సంచికి పెట్టిన ముహూర్తం గురువారమే కదా, విమానం ఆ పై మంగళవారమని చెప్పాలని తోచనే లేదు).

సంచి గురువారం ఎదురింటికి చేరింది. శనివారం ఆ ఇన్సూరెన్స్ ఆయన ఏదో పని మీద చింతామణికి వచ్చి, అంగట్లో తాపీగా కూర్చున్న మామను చూసి హడలిపోయాడు. ఆయన్ని వెంటబెట్టుకుని నేరుగా ఇంటికే వచ్చాడు.

"ఏమప్పా, మీరు గురువారమే పోయింటారని ఆ పొద్దు నుంచే రోజులు లెక్కేసి ఇన్సూరెన్స్ రాసినానే! ఇట్లయితే రెండో ఓడ నడి సముద్రంలో ఉండంగానే ఇన్సూరెన్స్ ముగిసిపోతాది!"

"గురువారమని ఎవరు చెప్పింది?" అన్నాడు మామ. నేను వంటింటి తలుపు వెనక్కి జరిగాను (ఆ తలుపు నన్ను దాచేంత వెడల్పు లేదు).

ఇన్సూరెన్స్ ఆయన తన బెంగళూరు ఆఫీసుకు ఫోన్ కలిపాడు. ప్రయాణం ఇంకా మొదలు కాలేదని పోయేవాళ్ళు ఎవరికి వాళ్ళే చెబితే తేదీలు మారుస్తామన్నారు. ఫోన్ అత్త చేతికిచ్చి, "యాడికీ పోలేదు కదమ్మా మీరు, ఆ మాటే చెప్పేయండి" అన్నాడు. అత్త ఫోన్‌ను అరచేత్తో మూసేసింది.

"ఎట్ల చెప్పేదప్పా? మొదలయిందని దేవుడికి దీపం పెట్టి చెప్పినా. ఇప్పుడు కాలేదంటే ప్రస్థానం చెడిపోతాది. అయిందంటే రెండో ఓడ పోతాది."

"ఒక్క మాటే కదే, అనేసెయ్" అన్నాడు మామ.

"మీరు గమ్మునుండండి!"

అత్త ఎదురింటి అరుగు వైపు చూస్తూ నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకా చూడనైనా చూడని ఆమె సముద్రం నా ఒక్క మాటకే ఎండిపోయేలా ఉంది. చివరికి ఫోన్ చెవికి ఆనించి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని అంది: "సామీ, సంచి పోయిండాది. మనుషులం ఇంట్లోనే ఉండాము."

 అవతల పెద్దగా నవ్వు. తేదీలు మారాయి.

అత్త రెండు ఓడలూ ఎక్కింది. ఉబ్బసం ఆ దరిదాపులకే రాలేదట. "మొదటి ఓడంతా భయమే. రెండో ఓడలోనే సముద్రం చూసినా" అంది తిరిగొచ్చాక.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంచి నా బీరువాలోనే ఉంది. చూసినప్పుడల్లా, వెడల్పు చాలని తలుపు వెనక నక్కిన ఆ కొత్త కోడలు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఈసారి మనిషి పోయింది, సంచి ఇంట్లోనే ఉంది. సంచి గడప దాటలేదు కాబట్టి, మా అత్త ఇంకా బయల్దేరలేదనే అనుకుంటాను.

మీ ఇంటి నుంచి బయల్దేరిన వాళ్ళందరూ చల్లగా తిరిగొచ్చి, మీ గడప ముందే చెప్పులు విడుతురు గాక తల్లీ.