పెద్దబాపు చేతి సైగ

మా పక్కింటి పెద్దబాపు పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. నిద్రలోనే పోయారు. తెల్లవారుతుండగా పెద్దమ్మ కేక వినేసరికి నేను బూట్లు తొడుక్కుంటున్నాను. ఆ రోజు ప్లాన్ ప్రకారం ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తాలి. ఒక కాలికి బూటుతోనే పోయి, దాన్ని వాళ్ల గడప దగ్గర విడిచాను. మర్నాడు గానీ అది గుర్తు రాలేదు.

నేను సిరిసిల్లలో అంగన్‌వాడీ టీచర్ని. వయసు యాభై మూడు. బీపీ ఉందని డాక్టరు నడవమన్నాడు. ఆ నడక ముదిరి పరుగైంది. కోరుట్లలో ఉండే మా అమ్మాయి కరీంనగర్‌లో హాఫ్ మారథాన్‌కు నా పేరిచ్చేసి, ఇరవై ఒక్క కిలోమీటర్లకు తయారు కమ్మని పదహారు వారాల ప్లాన్ ఫోన్‌కు పంపింది.

"గీ వయసుల ఉరుకుడేందే? కుక్కలెంట పడ్తయి" అని పెద్దమ్మ నవ్వింది.

"పడనీ. ఇంకింత జోరుగ ఉరుకుతది" అన్నారు పెద్దబాపు.

ఆయన నలభై ఏళ్లు సాంచాలు నడిపిన మనిషి. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. ఆ మోతకు చెవులు మందగించాయి. షెడ్డులో మాట వినపడదు కాబట్టి అంతా సైగలే. పిడికిలి బిగిస్తే ఆపు. అరచేయి కిందికి రెండుసార్లు ఆడిస్తే నిదానం. ఇంట్లోనూ అదే అలవాటు. పప్పులో ఉప్పెక్కువైతే పెద్దమ్మకు పిడికిలే చూపేవారు.

వాళ్లిల్లు వీధి మలుపులో ఉంది. నేను మానేరు వంతెన దాకా పోయి వచ్చేసరికి ఇంటి ముందు స్టూలు మీద చాయ్ గ్లాసుతో ఉండేవారు. నా ఊపు ఎక్కువైతే అరచేయి ఆడించేవారు. ఆడమనిషికి రోడ్డు మీద పరుగేమిటని మూతులు తిప్పినవాళ్లు ఆయన అక్కడ కూర్చున్నందుకే ఊరుకున్నారు. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ప్లాన్‌లో వారానికి రెండు రోజులు విశ్రాంతి. మా బాపు కూడా సాంచాలు నడిపినవాడే. సాంచ ఆగిందంటే మా ఇంట్లో ముద్ద దిగేది కాదు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? విశ్రాంతి రోజుల్లోనూ పరుగెత్తాను. మూడో వారానికి మోకాలు వాచింది.

పెద్దబాపు మోకాలి వంక చూశారు. "పోగు తెగినంక గూడ సాంచ నడిపితే ఏమైతది బిడ్డా?"

"బట్ట ఖరాబైతది."

"మరి? ఆపాలె. ముడెయ్యాలె. అటెన్క నడపాలె. సాంచాలు నడిపెటోని బిడ్డవు, గింత తెల్వదా?"

వారం పాటు పరుగు మానిపించారు. రోజూ పొద్దున వచ్చి, నా బూట్లు గడప దగ్గరే ఉన్నాయో లేదో చూసుకుని పోయేవారు. కరీంనగర్‌కు తానూ వస్తానన్నారు. "ఆడ కూసునేతందుకు కుర్సీ ఏస్తరా?" అన్నదొక్కటే ఆయన బెంగ.

తొమ్మిదో వారంలో పోయారు. ఆ తర్వాత నేను పరుగెత్తలేదు. పోటీ వద్దని అమ్మాయికి చెప్పేశాను. మోకాలు నొప్పి అన్నాను గానీ అబద్ధం. ఆ ఖాళీ స్టూలు ముందు నుంచి పోవడం నా వల్ల కాలేదు.

మొన్న సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. గడప దగ్గర దుమ్ము పట్టిన బూట్లను చూసింది.

"ఇంకెన్ని రోజులు ఆపుతవే? ముడేసుడు కాలేదా?" అంది.

ఆమె కంటే ఎక్కువ పోగొట్టుకున్నానా నేను?

నిన్న పొద్దున బయల్దేరాను. పోయేటప్పుడు స్టూలు వైపు చూడలేదు. వంతెన దాకా బాగానే పోయాను. తిరిగొచ్చేటప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది, దాన్ని ఆపుకోవడానికి ఇంకా జోరు పెంచాను. మలుపు తిరిగేసరికి స్టూలు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. పెళ్లైన కొత్తలో ఆమె అదే షెడ్డులో నూలు కండెలు చుట్టింది, సైగలన్నీ తెలుసు. నన్ను చూసి చాయ్ గ్లాసు కింద పెట్టి, అరచేయి కిందికి రెండుసార్లు ఆడించింది.