తమ్ముడు పెట్టిన వాన

మా తమ్ముడి మీద నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

నాన్న బిట్రగుంటలో రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఇంట్లో మాటా పలుకూ లేకుండా కూర్చునేవాడు. చూడలేక నా కంప్యూటర్లో రైలు నడిపే ఆట పెట్టిచ్చాను. మొదటి రోజే, పక్కన అసిస్టెంటు లేకుండా బండి తీయకూడదని నన్ను కుర్చీ వేసుకుని కూర్చోమన్నాడు. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు పైకి చెప్పాలి, డ్రైవరు చెయ్యెత్తి అదే మాట తిరిగి చెప్పాలి. రెండు పసుపు దీపాలుంటే డబుల్ ఎల్లో, ముందు ఆగాల్సి రావచ్చని గుర్తు. రోజూ సాయంత్రం నాలుగింటికి నేను "డబుల్ ఎల్లో" అనడం, ఆయన "డబుల్ ఎల్లో" అనడం. పక్కింటివాళ్ళు నవ్వుకునేవారు. నవ్వుకోనీ, మా నాన్న గొంతు మళ్ళీ వినబడుతోంది, నాకదే చాలు.

నా కంప్యూటర్ పాతది. అందుకని బొమ్మల సెట్టింగులన్నీ కిందకే పెట్టాను. చెట్లు అట్టముక్కల్లా ఉండేవి, నీడలుండేవి కావు. కానీ బ్రేకు నొక్కితే ఆ క్షణంలో పట్టేది.

ఒక ఆదివారం తమ్ముడొచ్చాడు. చూసి, ఈ ముష్టి బొమ్మలేందక్కా అన్నాడు. వద్దురా అంటున్నా వినకుండా అన్నీ చివరిదాకా పెంచేశాడు. వాన పడాలంట, పట్టాలు మెరవాలంట, ఆకాకూ ఊగాలంట! అంతా చేసి సాయంత్రం బండికి చక్కా వెళ్ళిపోయాడు.

మర్నాడు నాన్నా నేనూ కూర్చున్నాం. అబద్ధమెందుకు, వాన బ్రహ్మాండంగా ఉంది. ఇంజను అద్దం మీద చినుకులు జారుతుంటే నాకే కళ్ళు తిప్పబుద్ధి కాలేదు. బండి మాత్రం ఆగి ఆగి గెంతుతోంది. నాన్న బ్రేకు నొక్కాడు. అది ఎప్పటికో పట్టింది. అప్పటికే బండి రెడ్ సిగ్నల్ దాటిపోయింది.

మళ్ళీ ప్రయత్నించమని తెర మీద వచ్చింది. నాన్న ప్రయత్నించలేదు. సర్వీసంతటిలో ఒక్క రెడ్ కూడా దాటని మనిషి ఆయన. దాటితే రైల్వేలో డ్రైవర్నీ అసిస్టెంటునీ ఇద్దర్నీ బండి దించేస్తారు. కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుని, "నన్ను దించేసినారనుకో" అని లేచిపోయాడు. వారం రోజులు ఆ గది వైపు రాలేదు. ఇల్లు మళ్ళీ మూగబోయింది.

తమ్ముడికి ఫోన్ చేసి కడిగిపారేశాను. ఆ మిషను అంత మోయగలదా లేదా చూసుకోవద్దా, ఆకులూగితే నాన్నకేం ఒరుగుతుందిరా అన్నాను. వాడు నవ్వాడు.

"ఆటే కదక్కా, రీస్టార్ట్ కొట్టమను."

రీస్టార్టంట! ఫోన్ పెట్టేశాను. వాడిని తిట్టుకుంటూనే కూర్చుని ఒక్కొక్కటీ తగ్గించాను. వాన ఆపాను, నీడలు తీసేశాను. దూరానున్నవి కనబడే సెట్టింగు ఒక్కటే పైన ఉంచాను, సిగ్నళ్ళ కోసం. తర్వాత నాన్న దగ్గరకెళ్ళి తప్పు మీది కాదు, తమ్ముడు చేసిన పని అని చెప్పాను.

"బ్రేకు పట్టలేదని చెప్పని డ్రైవరు యాడుండాడమ్మా?" అన్నాడు.

బతిమాలితే వచ్చాడు. అదే దారి. డబుల్ ఎల్లో అన్నాను, ఆయనా అన్నాడు. ఎల్లో అన్నాను. దూరంగా ఎర్ర చుక్క కనబడగానే రెడ్ అని అరిచాను. రెడ్ అంటూ చెయ్యెత్తి బ్రేకు వేశాడు. బండి సిగ్నల్‌కి ఎంతో ఇవతలే ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చి మళ్ళీ తమ్ముడి మీద పడ్డాను. చూశారా, అంతా వాడి నిర్వాకమే అని దులిపేస్తున్నాను.

నాన్న తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఆ రోజు వాన చూస్తా ఉండిపోయినావమ్మా. రెడ్ అని నువ్వు చెప్పలా."

వారం రోజులూ ఆయన ఈ మాట ఎవరితోనూ అనలేదు. తనొక్కడే బండి దిగి కూర్చున్నాడు.