ఎండలో పరిచిన గరిటెలు

హాస్టల్ గదిలో మరుగుతున్న నూడుల్స్‌లో చెక్క గరిటె పెట్టగానే తడిసిన చెక్క వాసన లేస్తుంది, కొంచెం వగరుగా. ఆ వాసన తగిలితే చాలు, ఉదయగిరిలో గౌసియా ఆపా ఇంటి వసారా, అక్కడ నేను చేసిన వెధవ పని ఒకేసారి గుర్తొస్తాయి.

నా పరిశోధన రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుంది. ఉదయగిరి చెక్క గరిటెలు వేడి కూరలో ఏళ్ల తరబడి తిప్పినా ఎందుకు పగలవన్నది ప్రశ్న. అది చెట్టు జాతి గొప్పతనమని బాటనీ సార్ అంటారు, తేమ సంగతని ఇంజనీరింగ్ మేడమ్ అంటారు. ఇద్దరూ నాకు గైడ్లే. ఒకరి గదిలో అర్థమైనట్టున్నది ఇంకొకరి గదిలోకి వెళ్లేసరికి తలకిందులయ్యేది. విసుగొచ్చి, చేసేవాళ్లనే చూద్దామని ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లే బస్సెక్కాను.

ఆపా చిన్నప్పటి నుంచీ గరిటెలు చెక్కుతోంది. మొదటి రోజంతా నేను వీడియో తీస్తూనే ఉన్నాను.

"ఏంది పాపా, నా చెయ్యి చూస్తావా, ఫోను చూస్తావా?"

"రికార్డవుతోందిగా, తర్వాత చూసుకుంటా."

"తర్వాత నువ్వు అడిగితే అది చెప్తాదా?"

మర్నాడు ఆమె నమాజుకు లోపలికెళ్లింది. వసారాలో తడి గోతాం కింద సగం చెక్కిన గరిటెలున్నాయి. నా లెక్క కోసం నంబర్లు వేద్దామంటే తడికి మార్కర్ అంటుకోలేదు. చెక్కను ఇలా నానబెట్టి పాడు చేస్తున్నారేంటనుకుని, అన్నీ తీసి ఎండలో వరసగా పరిచాను. కాసేపటికి టిక్కు టిక్కుమని చప్పుళ్లు. చాలావరకు నిలువునా చీలాయి. మర్నాటికి షాపువాళ్లకు ఇవ్వాల్సిన సరుకది.

"ఎండేసినావా?" అంది ఆపా గడపలో ఆగిపోయి.

"నాకెవరూ చెప్పలేదు!" అని అరిచాను. తప్పూ నాదే, కోపమూ నాదే.

"నువ్వడిగినావా?" చీలినదొకటి తీసి తిప్పి చూసింది. "సరే, ఏడుపు తర్వాత. పగిలినియ్యి ఒక పక్క, పగలనియ్యి ఒక పక్క ఎయ్యి."

వేశాను. పగిలిన ప్రతిదానిలో కొమ్మ నడిమి మెత్తటి బెండు అలాగే ఉంది. పగలని వాటిలో దాన్ని అప్పటికే చెక్కి తీసేశారు.

"అది తీసిందాకా తడిలో పెడతాం. తీసినాక నీడన ఆరబెడతాం. ఇంతే గదా" అంది.

తిరిగొచ్చాక ల్యాబ్‌లో ఎన్నిసార్లు చేసి చూసినా అదే వచ్చింది. అయినా బెండు జాతి లక్షణమని సార్, ఆరబెట్టడమంటే తేమేనని మేడమ్. ఇద్దరికీ కుదిరింది ఒక్కటే: పేపర్ రచయితల్లో ఆపా పేరు వద్దు, చివర్లో కృతజ్ఞతలు చాలు. తలుపు విసురుగా వేసి బయటికొచ్చాను. వచ్చాక నాకే అనుమానం. ఇంతకీ ఇది కనిపెట్టింది ఎవరు? ఆపాకు ఫోన్ చేశాను.

"నేను కనిపెట్టలా పాపా. మా అబ్బా తిట్టి తిట్టి నేర్పించినాడు."

"మరి నీ పేరు వెయ్యనా, వద్దా?"

"రేపది తప్పని తేలితే ఎవుర్ని తిడతారు?"

"పేర్లుంటే ఇద్దర్నీ."

"అట్టయితే ఎయ్యి. ఒక్కదానివే తిట్లు తినబాక."

నా పేరు, ఆపా పేరు ఉన్న పేపర్ ఇంకా సార్ బల్ల మీదే ఉంది. సంతకం పెడతారో లేదో తెలీదు. చెట్టా, తేమా అన్నదీ తేలలేదు. పగిలిన గరిటె ఒకటి మాత్రం నా బ్యాగులో ఉంటుంది. ఎవరైనా తమ పని చూపిస్తుంటే ఫోన్ కోసం అందులో చెయ్యి పెడతాను. ముందు ఆ చీలికే వేలికి తగులుతుంది. ఖాళీ చెయ్యి బయటికి తీసి, అడుగుతాను.